బయానా ఇచ్చిన చెలక గురించి

బిడ్డా,

మర్రిగూడ దగ్గర రెండెకరాల చెలక చూశావనీ, చిన్న జీతాల వాళ్ల కోసం ఇరవై ఇళ్లు కడతావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషంతో, సగం భయంతో. బయానా కూడా ఇచ్చేశావట! ఒక్క గొయ్యి తవ్వలేదు, ఒక్క డబ్బా నీళ్లు పరీక్షకు పంపలేదు, అప్పుడే బయానా ఏమిటి?

పాసుపుస్తకం, పాత పహాణీలు (ఊరి భూమి లెక్కల పుస్తకాలు) తిరగేయి. శిఖమో (చెరువు కింది భూమి), అసైన్డ్ భూమో (సర్కారు పేదలకు ఇచ్చింది) అని తేలితే ఆ వైపు మళ్లీ వెళ్లకు. సెప్టిక్ ట్యాంకు తోడే బండి ప్రతి ఇంటి దాకా వస్తుందో లేదో చూడు. ఇవి నీకు ఎవరైనా చెబుతారు.

ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది. మీ అమ్మ కూడా చెప్పి ఉండదు.

దేవరకొండ దగ్గర మన పాత కాలనీ నా చేతుల మీదుగానే కట్టారు. పద్నాలుగు ఇళ్లు, ఒకటే చేదబావి. ఎండాకాలంలో గొయ్యి తీసి నీళ్లు పోస్తే చూస్తుండగానే ఇంకిపోయాయి. నేల దాహంతో ఉందని మేస్త్రీ నవ్వాడు, నేనూ నవ్వాను. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంటకూ బావికీ మధ్య 18 మీటర్లు ఉండాలని ప్రమాణాల్లో ఉంది. నేను 70 అడుగులు వదిలాను, అంటే ఇంకా ఎక్కువే. తప్పెక్కడుంది?

తప్పు మొరం కింద ఉంది. నాలుగడుగుల లోతున పరుపుబండ, దాని నిండా నెర్రెలు. మట్టి మురికిని వడకడుతుంది, నెర్రె వడకట్టదు, గొట్టంలా మోసుకుపోతుంది. మొదటి వానలకే ఏడిళ్లలో కామెర్లు వచ్చాయి. తొలి కాన్పుకని పుట్టింటికి వచ్చిన మీ అమ్మకూ వచ్చాయి. నువ్వు కడుపులో ఉన్నావు. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ నీళ్ల కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయని డాక్టరు అన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రి వరండాలోనే ఉన్నాను. నువ్వు పిడికెడంత పుట్టావు. మీ అమ్మ ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

తర్వాత భూగర్భశాస్త్రం చెప్పే మాస్టారొకరు రంగు పొడి ఇచ్చారు. సాయంత్రం గుంటలో కలిపి పోశాం. మూడో రోజు చేద పైకి లాగితే నీళ్లు ఆకుపచ్చగా వచ్చాయి.

అందుకే, నీళ్లు గబగబా ఇంకితే సంతోషించకు, భయపడు. అసలు ఇంకకపోయినా పనికిరాదు. నాలుగైదు చోట్ల గుంట అడుగు ఎంత లోతు ఉంటుందో అంతకు ఇంకో రెండు మీటర్లు దించి తవ్వించు. బండ ఎక్కడ తగిలిందో, తడి ఎక్కడ మొదలైందో రాసుకో. నేలను రాత్రంతా నాననిచ్చి, తెల్లవారి నీళ్లు పోసి, అంగుళం దిగడానికి ఎంతసేపు పడుతుందో చూడు. వానలు పడ్డాక మళ్లీ చెయ్యి. బోరు ఎగువన, గుంటలు దిగువన ఉండాలి. అయినా పైన వాలు ఒకవైపు, లోపలి బండ వాలు ఇంకోవైపు ఉండొచ్చు, కళ్లను నమ్మకు. నేల ఒప్పుకోకపోతే ఇరవై కాదు, పన్నెండే కట్టు.

ఇక ఫ్లోరైడు. మర్రిగూడ సంగతి నీకు చెప్పాలా? వంగిన వెన్నులతో, వంకర కాళ్లతో నడిచేవాళ్లను ఆ ఊళ్లలో నా కళ్లతో చూశాను. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి వద్దు. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు, కానీ ఇరవై కుటుంబాల్లో రోజూ కలిపేదెవరు? బోరు నీళ్లు వాడకానికి ఉంచి, తాగడానికి మిషన్ భగీరథ పైపు ఆ చెలక దాకా వస్తుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకో. ఫ్లోరైడు పరీక్షకు ప్లాస్టిక్ డబ్బా వాడు, గాజుది వద్దు. క్రిముల పరీక్షకు ల్యాబు వాళ్లు ఇచ్చిన సీసాలోనే పట్టి, మంచులో పెట్టి అదే రోజు అందించు.

ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను. మోకాళ్ల నొప్పులని మీ అమ్మ ఆపబోతుంది, వినకు. గడ్డపార కొనకు, నాది తెస్తాను. నువ్వు రెండు డ్రమ్ముల నీళ్లు, ఒక గడియారం సిద్ధంగా ఉంచు.

మీ మామ