సైన్స్ డే చూసొచ్చి ప్రొఫెసర్ అవుతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయి ఖమ్మంలో బీఎస్సీ రెండో సంవత్సరం. సైన్స్ డేకి కాలేజీవాళ్లు యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌కి తీసుకెళ్లారు. వచ్చినప్పటి నుంచి అక్కడే పాఠాలు చెబుతానంటోంది. మేం బీఈడీ చేయిద్దామనుకున్నాం. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: లేజర్‌కి తలవెంట్రుక అడ్డం పెట్టి గోడ మీద చారలు చూపించే ఉంటారు. నేనూ అది చూసి నోరు తెరిచినవాణ్ణే. కానీ సార్, ఆ చూపించినాయనకి అది ఏడాదికి రెండు మూడు రోజుల పని. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్లాసులు వారానికి 16 గంటలు. మిగతా టైమంతా పరిశోధనే: మొరాయించే వాక్యూమ్ పంపు, జర్నల్ నుంచి తిరిగొచ్చిన పరిశోధన పేపరు, గ్రాంటు కోసం దరఖాస్తులు, పీహెచ్‌డీ పిల్లల డేటా. ప్రమోషన్‌కి చూసేదీ ప్రధానంగా ఆ పేపర్లే. చూడటానికొచ్చిన పిల్లల ముందు చేసిన డెమోలకి పెద్దగా విలువ ఉండదు. నాకు నచ్చదు గానీ, ఉన్న మాట.

కాబట్టి అమ్మాయికి నచ్చింది పాఠం చెప్పడమా, ఆరు నెలలు ఒక్క కొలత కుదరకపోయినా మళ్లీ మొదలుపెట్టడమా? ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే తేలదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలతో కలిసి సమ్మర్ రిసర్చ్ ఫెలోషిప్ ఇస్తుంది. సుమారు రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పని, స్టైపెండ్ కూడా. అక్కడ తేలుతుంది.

పరిశోధన నచ్చితే జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలోనో, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, ఆపైన 42,000, హెచ్ఆర్ఏ అదనం. అంటే పీహెచ్‌డీకి మీరు డబ్బు కట్టక్కర్లేదు. కట్టాల్సింది కాలం. పీహెచ్‌డీ అయిదేళ్లు, ఆ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం, పోస్ట్‌డాక్, ఇంకో రెండు మూడేళ్లు. పర్మనెంట్ ఉద్యోగం చేతికొచ్చేసరికి ముప్ఫై దాటుతుంది, అదీ నోటిఫికేషన్ పడితే. మీ టెన్షన్ నాకు తెలుసు, సంబంధాలు చూసేవాళ్లు ఈలోగా ఊరుకోరు. ఆ మాట ఇప్పుడే ఇంట్లో మాట్లాడేసుకోండి.

చెప్పడమే ప్రాణమైతే పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ అంటూ ఏడెనిమిదేళ్లు పెట్టొద్దు. ఎమ్మెస్సీ చేసి నెట్ గానీ, రాష్ట్రస్థాయిలో జరిగే సెట్ గానీ పాసైతే డిగ్రీ కాలేజీ లెక్చరర్‌కి అర్హత వస్తుంది. మంచి డిగ్రీ లెక్చరర్ చేతిలో ఎంతమంది పిల్లలు తయారవుతారో యూనివర్సిటీవాళ్లకే బాగా తెలుసు.

బీఈడీ బడి ఉద్యోగాలకి. నెట్‌కి గానీ, యూనివర్సిటీకి గానీ అక్కర్లేదు. కావాలంటే ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, ఇప్పుడు ఒత్తిడి పెట్టకండి. సమ్మర్ ఫెలోషిప్ అప్లికేషన్లు మాత్రం వేసవికి చాలా ముందే ముగుస్తాయి. సిఫార్సు లేఖ కావాలి కాబట్టి, తనకి బాగా తెలిసిన ఫిజిక్స్ సార్‌నో మేడమ్‌నో ఈ వారమే కలవమనండి.