పాత ట్రాక్టర్ కాసేపు నడిచి ఆగిపోతోంది, కార్బురేటర్ విప్పాలా?

మీది డీజిల్ ట్రాక్టర్ అయితే అందులో కార్బురేటరే ఉండదు, అది పెట్రోల్ ఇంజన్లకు. డీజిల్ బండి దున్నుతూ దున్నుతూ గుటకలు వేసి ఆగిందంటే ముందు అనుమానించాల్సింది డీజిల్ పైపుల్లో గాలి పట్టడం, లేదా డీజిల్ సరిగా అందకపోవడం.

ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. లోపలికి గాలి పీల్చిన చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే మూతకున్న సన్నని రంధ్రం దుమ్ముతో పూడుకుపోయినట్టే. గుండుసూదితో పొడిస్తే సరి. దీనికే పంపు విప్పించుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

అది కాకపోతే గాలి తీయాలి. డీజిల్ ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ (గాలి వదిలే స్క్రూ) రెండు చుట్లు వదులు చేసి, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీటను చేత్తో కొట్టండి. ముందు తెల్లటి నురగ, తర్వాత బుడగలు, చివరికి బుడగ లేని డీజిల్ ధార వస్తుంది. అప్పుడే బిగించండి. తర్వాత ఇంజన్లోకి ఒత్తిడితో డీజిల్ పంపే ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గరా అంతే.

మళ్లీ మళ్లీ గాలి పడుతుంటే రాగి వాషర్లు మార్చండి, రబ్బరు పైపులో పగుళ్లు వెతకండి. ఇంజన్ తిరుగుతుండగా ఇంజెక్షన్ పంపు నుంచి నాజిళ్లకు (డీజిల్ చిమ్మే మూతులకు) వెళ్లే పైపుల దగ్గర మాత్రం చెయ్యి పెట్టొద్దు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.