ఇటీవల చదివిన నవలలు, ఆత్మకథల్లో నాకు నిజంగా నచ్చినవి, నచ్చనివి

"ఇటీవల చదివిన నవలల్లో, ఆత్మకథల్లో మీకు నచ్చినవేవి, నచ్చనివేవి? పేరున్న పుస్తకమని మొహమాటపడకుండా చెప్పగలరా?" అని మీరు అడిగారు. గడిచిన ఏడాదిగా నేను ఒక నవల, దాని వెంట ఒక ఆత్మకథ, మళ్లీ ఒక నవల అన్న వరుసలో చదువుతూ వచ్చాను. మొదట్లో కేవలం మార్పు కోసం చేసుకున్న ఏర్పాటే అయినా, మూడు నాలుగు పుస్తకాలు పూర్తయ్యేసరికి నా ఇష్టాయిష్టాల వెనుక ఉన్న కారణం నాకు తెలిసివచ్చింది. తన జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మి రాసినవారి కంటే, దాన్ని అడుగడుగునా నిలదీస్తూ రాసినవారి మీదే నాకు నమ్మకం కుదిరింది. కథలు కొంత బయటపెట్టక తప్పడం లేదు కనుక, ఈ పుస్తకాలను ఇంకా చదవనివారు ఆ సంగతి గమనించగలరు.

ఈ కొలతను నాకు ఒక నవలే నేర్పింది. అది 1989లో బుకర్ బహుమతి పొందిన కజువో ఇషిగురో నవల 'ద రిమైన్స్ ఆఫ్ ద డే'. ఒక ఆంగ్ల ప్రభువు భవనంలో దశాబ్దాల పాటు బట్లరుగా పనిచేసిన స్టీవెన్స్, 1956లో కారులో కొద్ది రోజుల ప్రయాణానికి బయలుదేరి, దారి పొడుగునా తన గతాన్ని తానే చెప్పుకుంటూ పోతాడు. ఒకప్పుడు తనతో కలిసి పనిచేసిన మిస్ కెంటన్ ఒక గదిలో ఏడుస్తూ ఉండగా తాను తలుపు బయట నిలబడిపోయిన దృశ్యం అతనికి గుర్తుంది. అది ఆమె పినతల్లి మరణవార్త తెలిసిన రోజని మొదట చెబుతాడు. చాలా పేజీల తర్వాత, అది ఆమె మరొకరితో పెళ్లికి ఒప్పుకొని వచ్చిన రాత్రి అయి ఉండాలని సర్దుకుంటాడు. ఆ చిన్న సవరణలోనే ఒక జీవితం చేజారిపోయిన సంగతి మొత్తం ఉంది. నేను పుస్తకం పక్కన పెట్టి, వెనక్కి వెళ్లి ఆ మొదటి ప్రస్తావనను వెతికి మళ్లీ చదివాను.

ఇంకొక సన్నివేశం గురించి కూడా చెప్పాలి. ఒక సాయంత్రం స్టీవెన్స్ తన గదిలో చదువుకుంటుండగా మిస్ కెంటన్ లోపలికి వచ్చి, ఏం పుస్తకమని అడుగుతుంది. అతను దాన్ని గుండెలకు అదుముకుంటాడు. ఆమె దగ్గరకు వచ్చి, అతని వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి పుస్తకం తీసుకుంటుంది. చూస్తే అది ఒక మామూలు ప్రేమకథ. భాష మెరుగుపరచుకోవడానికి మాత్రమే చదువుతున్నానని అతను మనకు ఎంతో ఓపికగా వివరిస్తాడు. నేను చదివిన నవలల్లో ఇద్దరు మనుషులు ఇంత దగ్గరగా వచ్చి, ఇంత దూరంగా మిగిలిపోయిన పేజీ మరొకటి లేదు. ఈ నవలపై నాకున్న ఫిర్యాదు ఒక్కటే. 'హుందాతనం' అంటే ఏమిటన్న చర్చ మొదటి భాగంలో అవసరానికి మించి సాగుతుంది. అది ఆ పాత్ర స్వభావమేనని తెలిసినా, అక్కడ నా చదువు మందగించింది.

దాని వెంటనే అమెరికన్ రచయిత్రి జోన్ డిడియన్ 2005లో ప్రచురించిన ఆత్మకథ 'ద ఇయర్ ఆఫ్ మ్యాజికల్ థింకింగ్' తీసుకున్నాను. 2003 డిసెంబరు 30 రాత్రి భోజనానికి కూర్చున్న చోటే ఆమె భర్త హఠాత్తుగా మరణించారు. కుమార్తె అప్పటికే ఆసుపత్రిలో అత్యవసర చికిత్సలో ఉంది. ఆ తర్వాతి ఏడాది కథ ఇది. భర్త దుస్తులను ఇచ్చివేయగలిగిన ఆమె బూట్ల దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతుంది. తిరిగి వస్తే ఆయనకు బూట్లు కావాలి కదా అన్న ఆలోచన తనలో ఉన్నట్టు అప్పుడే గ్రహిస్తుంది.

ఈ భాగాన్ని నేను విమర్శకుడిగా చదవలేకపోయాను. మా నాన్నగారు పోయిన తర్వాత ఆయన కళ్లజోడును నేను బల్ల సొరుగులో దాచాను. ఎడమ కొక్కెం దగ్గర ఆయనే చుట్టుకున్న దారం ఇంకా దానికి అలాగే ఉంది. ఎవరికైనా పనికొస్తుందని ఇంట్లోవారు రెండు మూడుసార్లు అన్నప్పుడు, ఆ పవరు మరెవరికీ సరిపోదని సమాధానం చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం అది కాదని ఈ పుస్తకం చదివే వరకు నాకు నేనే ఒప్పుకోలేదు.

డిడియన్‌పై నా గౌరవానికి దుఃఖం ఒక్కటే కారణం కాదు. ఆ రాత్రి ఏ నిమిషానికి ఏం జరిగిందో తన జ్ఞాపకం మీద వదిలేయకుండా ఆమె భవనంలోని కాపలావారి నమోదు పుస్తకాన్ని, ఆసుపత్రి కాగితాలను, శవపరీక్ష నివేదికను తెప్పించుకుని సరిచూసుకున్నారు. కొన్ని వాక్యాలు మళ్లీ మళ్లీ వస్తాయని, వైద్య వివరాలు ఎక్కువయ్యాయని కొందరు పాఠకులు అంటారు. వైద్య వివరాల విషయంలో నేను వారితో ఏకీభవిస్తాను. కుమార్తె చికిత్స గురించిన కొన్ని పేజీలు నన్ను అలసటకు గురిచేశాయి. వాక్యాల పునరావృతి మాత్రం నాకు దోషంగా తోచలేదు. పోయినవారి గురించిన ఆలోచన తిరిగి తిరిగి ఒకే చోటికి వస్తుందని అనుభవించినవారికి తెలుసు.

తెలుగు ఆత్మకథల్లో ఈసారి మళ్లీ చదివినది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. సంస్కృతానికీ వైదిక విద్యకూ పెద్దపీట వేసిన ఇంట పుట్టిన పిల్లవాడు తెలుగు మీద ప్రేమతో, పెద్దల ఇష్టానికి ఎదురు నడిచి రచయితగా మారడం ఇందులోని ప్రధాన కథ. ఈ పుస్తకంలోని తెలుగు నాకు ప్రాణం. వాక్యం పలుకుతుంది; కళ్లతో చదువుతుంటేనే చెవికి వినిపిస్తుంది. అయినా మొహమాటం వద్దన్నారు కనుక చెబుతున్నాను: ఎప్పటివో సంభాషణలు నిన్న జరిగినంత పొందికగా సాగుతుంటే, ఇందులో జ్ఞాపకం ఎంత, కథకుడి చేయి ఎంత అన్న సందేహం నన్ను వదలలేదు. వాదం నడిచిన చోట్ల ఎదుటివారి మాట బలం కూడా నాకు తగినంత వినిపించలేదు. పైన చెప్పిన నా కొలత ప్రకారం ఈ పుస్తకం తగ్గాలి, కానీ తగ్గదు. తాను ప్రేమించిన భాష కోసం ఒక మనిషి పడిన తపన ముందు ఆ లెక్క పనిచేయలేదు, దానికి నా దగ్గర మెరుగైన సమర్థన లేదు.

అదే సమయంలో, బాగా అమ్ముడవుతున్న ఒక విజేత ఆత్మకథను సగంలో ఆపేశాను. పేరు చెప్పను. ప్రతి అధ్యాయంలోనూ ఒక కష్టం, ఒక పట్టుదల, ఒక గెలుపు. రచయిత వల్ల ఎవరైనా నొచ్చుకున్న సందర్భం నేను చదివినంతలో ఒక్కటి కూడా కనిపించలేదు. యాభై ఏళ్ల జీవితంలో అది సాధ్యం కాదు.

నవలల్లో గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' (1947) గురించి నా అభిప్రాయం కొందరికి కష్టం కలిగించవచ్చు. వంశ ప్రతిష్ఠ నిలపమన్న తండ్రి మాటను పట్టుకుని ఆస్తినంతా కరగదీసిన సీతారామారావు, తన మనసులో తనతోనే తగవులాడే పేజీలు ఈనాటికీ నన్ను భయపెట్టగలవు. భార్యను బాధించిన మరుక్షణమే దానికి ఒక తాత్త్విక కారణం అల్లుకునే తీరు చూస్తే, అటువంటి సమర్థనలు నేనెన్ని చేసుకున్నానో గుర్తుకొచ్చి ఇబ్బందిపడ్డాను. అతనికి జ్ఞానబోధ చేసే రామయ్యతాత రాగానే మాత్రం నవల ఉపన్యాసంలోకి జారుతుంది. పాత్ర అనుభవించి చూపిన దాన్ని మరొకరు వివరించి చెప్పవలసిన అవసరం అక్కడ లేదని నా అభిప్రాయం.

డాక్టర్ పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు' దగ్గర నాకు అటువంటి ఇబ్బంది కలగలేదు. 1950ల చివర ధారావాహికగా వచ్చిన ఈ నవలలో ఇందిర ఉద్యోగం చేసి బాధ్యత లేని తండ్రిని పోషిస్తుంది, తనకు కావలసినదేమిటో తెలిసి మాట్లాడుతుంది, కొన్నిసార్లు స్వార్థంగానూ ప్రవర్తిస్తుంది. ఆమెను దేవతను చేయాలని గానీ, చివర్లో శిక్షించి పాఠకుడిని తృప్తిపరచాలని గానీ రచయిత్రి ప్రయత్నించలేదు. పై అంతస్తులో ఉండే వైద్య విద్యార్థి ప్రకాశం ఎప్పటికప్పుడు నిర్ణయాన్ని వాయిదా వేస్తూ పోతుంటే, అతని పిరికితనాన్ని ఇందిర చూసే చూపులో కోపం కన్నా స్పష్టత ఎక్కువ. మరొక ముఖ్యమైన స్త్రీ పాత్ర కల్యాణి ఉన్న చోట్ల రచయిత్రి జాలి కొంచెం పైకి తేలుతుంది. ఇందిర పక్కన ఆ పాత్ర పలచబడింది. శ్రీదేవి గారు 1961లో చిన్న వయసులోనే వెళ్లిపోయారు. ఇందిర వంటి మరొక పాత్ర ఆమె కలం నుంచి రాకపోవడం నాకు సొంత నష్టంలా అనిపిస్తుంది.

ఆఖరున చదివినది ప్రీమో లెవీ 'ఇఫ్ దిస్ ఈజ్ ఎ మ్యాన్'. ఇటలీకి చెందిన ఈ రసాయన శాస్త్రవేత్త 1944 ఫిబ్రవరి నుంచి 1945 జనవరి వరకు నాజీల నిర్బంధ శిబిరమైన ఆష్‌విట్జ్‌లో గడిపి, అక్కడి అనుభవాలను 1947లో ప్రచురించారు. చేతిపై 174517 అన్న ఖైదీ సంఖ్యను పచ్చబొట్టుగా పొడిపించుకోవలసి వచ్చిన మనిషి ఇంత నిదానంగా, గొంతు పెంచకుండా ఎలా రాయగలిగాడన్న ఆశ్చర్యం నన్ను చివరి వరకూ వీడలేదు. ఒకచోట, బందీలపై పెత్తనం చేసే అలెక్స్ అనేవాడు చేతికి అంటిన జిడ్డును లెవీ భుజానికి రాసి తుడుచుకుంటాడు, ముందు అరచేయి, తర్వాత చేతి వెనుక భాగం. అందులో ద్వేషం లేదు, వెటకారం లేదు. గుడ్డకు తుడుచుకున్నట్టు తుడుచుకున్నాడు, అంతే. కొట్టిన దెబ్బల వర్ణన కంటే ఈ రెండు వాక్యాలు నన్ను ఎక్కువ కుదిపాయి.

తిరుగుబాటుకు సాయపడినందుకు ఒక బందీని అందరి ఎదుట ఉరితీసినప్పుడు తామంతా తలవంచుకుని మౌనంగా నిలబడ్డామని, తిరిగి వచ్చాక తానూ మిత్రుడు ఆల్బెర్టో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయామని కూడా లెవీ రాశారు. ఆ సిగ్గును ఆయన దాచుకుని ఉంటే తప్పుపట్టేవారెవరూ ఉండేవారు కాదు. అయినా రాశారు. ఈ ఏడాది చదివిన వాటిలో ఒక్కటే సూచించమంటే నేను ఈ పుస్తకాన్నే సూచిస్తాను. అయితే ఒకే బైఠకులో పూర్తిచేయాలని చూడకండి, రోజుకొక అధ్యాయం చాలు.