హీట్ ప్రెస్ కొనే ముందు ఏ గుడ్డ మీద వేస్తారో తేల్చుకోండి

మీరు అడిగింది: చెన్నైలో ఇంట్లోంచే టీషర్టులు, కప్పుల మీద ప్రింట్లు వేసి అమ్మాలనుకుంటున్నారు, దానికి అన్ని అటాచ్‌మెంట్లూ ఉన్న కాంబో హీట్ ప్రెస్ (వేడి పలకతో నొక్కి బొమ్మని అంటించే మెషీన్), సబ్లిమేషన్ ప్రింటర్ కలిపి ఒకేసారి కొనేయొచ్చా అని. ఇప్పుడే కొనకండి అండీ. మీకు వచ్చే ఆర్డర్లు ఏ గుడ్డ మీదో ముందు చూసుకుంటే ఏం కొనాలో దాన్ని బట్టే తెలుస్తుంది. మేం పెరంబూరులో ఇంటి ముందు గదిలో ఈ పని చేస్తాం. స్కూలు వార్షికోత్సవాలు, అపార్ట్‌మెంట్ల ఉగాది టీషర్టులు, పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టుగా ఇచ్చే గుడ్డ సంచులు, మాకు వచ్చేవి ఎక్కువగా ఇవే.

సబ్లిమేషన్‌లో కాగితం మీద వేసిన రంగు వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగిపోతుంది, చల్లారాక లోపలే ఉండిపోతుంది, అందుకే చేత్తో తడిమినా ఏమీ తగలదు, ఉతికితే పగుళ్ళు రావు. చాలా అందమైన పద్ధతి. కానీ కాటన్ పోగు ఆ రంగుని పట్టుకోదు, ప్రెస్ తీయగానే బాగానే కనిపించి ఉతుకులో వెలిసిపోతుంది. పైగా ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు, గుడ్డ తెలుపే బొమ్మలో తెలుపు, కాబట్టి నల్ల టీషర్టు మీద ఇది కుదరదు. మరి మన దగ్గర ఈ ఎండలకి, ఈ చెమటకి జనం అడిగేది ఏమిటి? తిరుప్పూరు కాటన్, అందులోనూ ముదురు రంగులు. అందుకే సబ్లిమేషన్ ప్రింటరుతో మొదలుపెట్టిన వాళ్ళు వచ్చిన ఆర్డర్లలో సగానికి "అది మా దగ్గర కాదండీ" అని చెప్పాల్సి వస్తుంది.

మీలా కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) మేలు. ఫిల్మ్ మీద బొమ్మ, దాని మీద తెల్ల ఇంకు, ఆ పైన కరిగే జిగురు పొడి వేసి కాల్చి ఇస్తారు, మనం గుడ్డ మీద పెట్టి నొక్కడమే. కాటన్, పాలిస్టర్, కలిపి నేసినది, నలుపు, తెలుపు, అన్నిటికీ పడుతుంది. ఆ ప్రింటరు మాత్రం మీరు కొనకండి. తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువైనది, కదలకపోతే అడుక్కి దిగి ఇంకు చిమ్మే హెడ్డుని మూసేస్తుంది, రోజూ పని లేని ఇంట్లో దాన్ని కాపాడుకోవడమే ఒక పెద్ద పని. ఊళ్ళో ఫిల్మ్ వేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు, మీటరు లెక్కన తీసుకుంటారు. సుమారు రెండడుగుల వెడల్పు ఫిల్మ్ మీద పెద్ద బొమ్మల మధ్య ఖాళీల్లో చిన్న లోగోలు, పేర్లు ఇరికించి ఒకే షీటుగా పంపండి, అక్కడే మీకు డబ్బు మిగులుతుంది. జెర్సీల మీద పేర్లు, నంబర్లు మాత్రమే అయితే వినైల్ (వేడికి అతుక్కునే రంగు ప్లాస్టిక్ షీటు) కత్తిరించి వేసినా సరిపోతుంది.

కాబట్టి ముందు కొనాల్సింది ఒక మంచి ఫ్లాట్ ప్రెస్, అంతే. 15 అంగుళాల చదరం పెద్దవాళ్ళ టీషర్టులకి చాలు. కాంబోలో పలకా కప్పూ రెండూ ఉంటాయని ఆశగా అనిపిస్తుంది గానీ మార్చిన ప్రతిసారీ చల్లారేదాకా ఆగాలి, వైర్లు మార్చాలి, పైగా వాటిలో చాలావాటికి పలకని పట్టి ఉంచే చెయ్యి అంత గట్టిగా ఉండదు. కొనేటప్పుడు షాపులోనే ఒక పరీక్ష చేయండి. నాలుగు మూలలా కాగితం ముక్కలు పెట్టి, వేడి చేయకుండా మూసి, ఒక్కొక్కటీ లాగండి. నాలుగూ ఒకేలా బిగుసుకుని ఉండాలి, ఒకటి సులువుగా వచ్చేస్తే ఆ మూల ప్రింటు ఎప్పుడూ లేస్తుంది. తర్వాత వేడి చేయించి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో మధ్యలోనూ అంచుల్లోనూ చూడండి. తెర మీద 160 అని ఉన్నా పలక మీద అన్నిచోట్లా 160 ఉంటుందని నమ్మకం లేదు.

కరెంటు సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, నేను చెప్తున్నాను. ఈ సైజు ప్రెస్ 1400 నుంచి 1800 వాట్లు లాగుతుంది, అంటే ఎనిమిది ఆంపుల దాకా. మామూలు 6 ఆంప్ ప్లగ్గుకీ, ఎక్స్‌టెన్షన్ బోర్డుకీ పెట్టకండి, 16 ఆంప్ పాయింటు ఉండాలి. అద్దె ఇల్లయితే ఓనరుతో మాట్లాడి ఎలక్ట్రీషియన్‌తో వేయించుకోండి.

వేడి లెక్క: డీటీఎఫ్‌కి 150–160 డిగ్రీలు, 10–15 సెకన్లు. పాలిస్టర్ మీద సబ్లిమేషన్‌కి 190–200, 45–60 సెకన్లు. ఫిల్మ్ ఇచ్చినవాళ్ళు వేరే అంకె చెప్తే వాళ్ళదే పాటించండి, వేడిగా లాగాలో చల్లారాక లాగాలో కూడా వాళ్ళనే అడగండి. ఫిల్మ్ తీసేశాక బటర్ పేపర్ పెట్టి ఇంకో ఐదు పది సెకన్లు నొక్కడం మానకండి, ఉతుకుల్లో నిలబడేది దానివల్లే. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు 385, 400 అంటే అవి ఫారన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో 196, 204.

చెన్నైలో అసలు శత్రువు తేమ. గుడ్డ పొడిగా ఉందనిపిస్తుంది కానీ ఉండదు, నొక్కినప్పుడు ఆవిరి వచ్చి జిగురు సరిగ్గా పట్టదు, సబ్లిమేషన్ అయితే మరకలు పడతాయి. ప్రతి టీషర్టునీ ముందు ఖాళీగా ఐదు పది సెకన్లు నొక్కి ఆవిరి పోనివ్వండి, తర్వాతే ఫిల్మ్ పెట్టండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో నేను రెండుసార్లు నొక్కుతాను. ఫిల్ములు, కాగితాలు సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో పెట్టుకోండి. కిటికీ తెరిచో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసో పని చేయండి, చంటిపిల్లలు ఉన్న గదిలో అస్సలు వద్దు.

కస్టమరు తన గుడ్డ తెస్తే ఇంకా జాగ్రత్త. లేబుల్ లేకపోతే లోపలి కుట్టు దగ్గర పోగు లాగి కాల్చండి: కాటన్ మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది. ఒక కబడ్డీ జట్టు పిల్లలు ఎర్ర పాలిస్టర్ జెర్సీలు తెచ్చి తెల్ల నంబర్లు వేయమన్నారు. నేను ఒక్కదాని మీద వేసి మర్నాటిదాకా పక్కన పెట్టాను. పొద్దున చూస్తే తెలుపు గులాబీ రంగులోకి తిరిగింది. గుడ్డలో ఉన్న రంగే వేడికి పైకి పాకుతుంది, ముదురు ఎరుపు, మెరూన్ పాలిస్టర్‌లో ఇది ఎక్కువ. రంగుని ఆపే పొర ఉన్న ఫిల్మ్ తెప్పించి, వేడి తగ్గించి మిగతావి వేశాం. ఇలాంటి గుడ్డ వస్తే ఒక పీసు ఒక రాత్రి ఆగాకే మిగతావి ముట్టుకోండి.

కప్పులు రెండో విడతలో పెట్టుకోండి. ప్రెస్‌తో వేయాలంటే వాటికి సబ్లిమేషనే కావాలి, పైన పాలిమర్ పూత ఉన్న కప్పులే పనికొస్తాయి, వంటింటి కప్పు మీద పట్టదు. అప్పుడు విడిగా చిన్న మగ్ ప్రెస్, హెడ్డు వేడెక్కని రకం ట్యాంక్ ప్రింటరు కొనండి, ఎప్సన్ వాళ్ళవి ఆ రకమే. మామూలు ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు నింపితే వారంటీ పోవచ్చని మాత్రం లెక్కలో వేసుకోండి.

సినిమా హీరోల ఫోటోలు, క్రికెట్ జట్ల లోగోలు అడుగుతారు, సీజన్లో మరీ. అనుమతి లేకుండా వేసి అమ్మకండి.

ముందు ఒక టీషర్టు వేసి 24 గంటలు ఆగి, తిరగేసి మీ వాషింగ్ మెషీన్లోనే మళ్ళీ మళ్ళీ ఉతకండి, అంచులు గోరుతో గీకి, లాగి చూడండి. అది నిలబడ్డాకే అడ్వాన్సు తీసుకోండి. మీకు ఇప్పటికే ఆర్డరు ఏదైనా వచ్చి ఉంటే గుడ్డ రకం, రంగు కింద రాయండి, ఏ ఫిల్మ్ వాడాలో చెప్తాను.