మూత తీసిన తారీఖు

హన్మకొండ

బిడ్డా,

కాజీపేటల పార్లర్ పెడుతున్నవని అక్క చెప్పింది. మస్తు సంబురమైంది. నువ్వు పంపిన సామాను లిస్టు చూసిన. అన్నీ రాసినవు గని, చెరగని మార్కర్ పెన్ను రాయలే. ముందు అది కొను.

డబ్బా మీద అచ్చేసిన తారీఖు సీలు తియ్యని డబ్బాకే. మూత తీసిన రోజు నుంచి ఇంకో లెక్క మొదలైతది. వెనక మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ మీద 6ఎం, 12ఎం అని ఉంటది. తెరిచినంక అన్ని నెలలే అని దాని అర్థం. రెండిట్ల ఏది ముందొస్తే అదే ఆఖరు. అందుకే మూత తీసిన రోజే అడుగున తారీఖు రాయాలె.

కంటికి పెట్టేటియి అన్నిటికంటే ముందు పారెయ్యాలె. మస్కారా, లిక్విడ్ ఐలైనర్ మూడు నెలలు దాటనియ్యకు, ఎంత మిగిలినా సరే. నేను కొత్తల ఒక పెండ్లిపిల్లకు ఎండిపోయిన మస్కారాల రెండు చుక్కల నీళ్లు కలిపి పెట్టిన. తెల్లారి రిసెప్షన్‌కు ఆ పిల్ల ఒక కన్ను వాచిపోయి కూసున్నది. ఆ ఫొటోలు ఇప్పటికీ నా కండ్లల్ల మెదుల్తయ్. నీళ్లు కలిపితే క్రిములను ఆపే మందు పలచబడతది, క్రిములు పెరుగుతయ్. నీ చేతుల అట్ల జరగొద్దు.

నీళ్లు లేని పౌడర్, కాంపాక్ట్ రెండేండ్లదాకా ఆగుతయ్. లిప్‌స్టిక్ ఏడాది దాటినంక వాసన చూసుకుంట వాడు, మక్కిన నూనె వాసనొస్తే తీసెయ్. లిక్విడ్ ఫౌండేషన్ ఆరు నెలల నుంచి ఏడాది.

మన ఓరుగల్లు ఎండలు నీకు తెల్వనియి కావు, మే నెలల 44 డిగ్రీలు దాటుతయ్. మేకప్ పెట్టె స్కూటీ డిక్కీల పెట్టుకొని పెండ్లిండ్లకు తిరగకు. ఆ వేడికి సన్‌స్క్రీన్‌ల నూనె, నీళ్లు విడిపోతయ్. తారీఖున్నా అది ఇంక ఎండను సరిగ ఆపదు. బాత్‌రూంల ఆవిరి కూడ పడదు. నీడపట్టున, మూసి ఉన్న అల్మారాల పెట్టు.

బతుకమ్మ తొమ్మిది రోజులు నీకు ఊపిరి సలపదు. అప్పుడే చెయ్యి తొందరపడతది. క్రీంల వేలు ముంచకు, స్పాచులాతో, అంటే చదును పుల్లతో, స్టీలు ప్లేటు మీదికి తియ్యి. కాజల్ పెన్సిల్ మనిషి మనిషికి చెక్కు. ఒకరికి రాసిన లిప్‌స్టిక్ ఇంకొకరి పెదవికి ముట్టియ్యకు.

ఎవలన్న సామాను సగం ధరకు ఇస్తమంటే బ్యాచ్ నంబరు, అంటే ఏ విడతల తయారైందో చెప్పే నంబరు, చూడకుంట తీసుకోకు.

ఆదివారం వస్త. నీ పెండ్లప్పటి మేకప్ పెట్టె బయట పెట్టు, దానికి నాలుగేండ్లు నిండినయ్.

మీ చిన్నమ్మ