తాను ఆడో మగో అన్న భావం పిల్లల్లో ఎలా ఏర్పడుతుంది?

మనసు అడుగున దాగిన కోరికలు, భయాలను శోధించే మనోవిశ్లేషణ దీనికి ఏం చెబుతుంది? ఒకే జవాబు లేదు, ఆ సంప్రదాయంలోనే పెద్ద వాదన నడిచింది.

మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ లెక్కలో మలుపు మూడు నుంచి ఐదారేళ్ల మధ్య, ఆయన ‘ఈడిపస్ దశ’ అన్న కాలంలో వస్తుంది. అప్పుడు మగపిల్లాడికి తల్లి మీద మమకారం, తండ్రితో పోటీ, ఆయన శిక్షిస్తాడన్న భయం. చివరికి వాడు తండ్రిలా అవ్వాలనుకుంటాడు. ఆడపిల్ల విషయానికొస్తే, తనకేదో లోటుందన్న భావన నుంచే అంతా మొదలవుతుందన్నాడు. అది మగవాడి కళ్లతో చూసిన చిత్రమని 1926లోనే మనోవిశ్లేషకురాలు కరెన్ హోర్నై ఎదురు చెప్పింది. నాకైతే ఆమె మాటే సరైనదనిపిస్తుంది.

1960లలో అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ స్టోలర్ ఇంకా వెనక్కి వెళ్లాడు. ‘నేను ఆడ’, ‘నేను మగ’ అన్న మూలభావం రెండు మూడేళ్లకే, అంటే ఈడిపస్ దశకు ముందే, కుదురుకుంటుందన్నాడు. అందులో శరీర ధర్మం, పుట్టగానే పడే ‘అమ్మాయి’, ‘అబ్బాయి’ అన్న ముద్ర, పెంచేవాళ్ల తీరు, అన్నీ కలుస్తాయి. పసిబిడ్డ మొదట తల్లితో ఒకటిగా ఉంటుంది కాబట్టి, ఆమె నుంచి విడివడి ‘నేను మగ’ అనుకునే కష్టం మగపిల్లాడిదేనని ఆయన వాదన. లోటు ఆడపిల్లదన్న ఫ్రాయిడ్‌కు ఇది పూర్తిగా తలకిందులు.

అయితే తల్లి అతి చేరువ వల్లే కొందరు మగపిల్లలు తమను ఆడపిల్లలుగా భావిస్తారన్న స్టోలర్ వివరణ తర్వాతి పరిశోధనల్లో నిలబడలేదు.