టెక్ సందేహాలు: ఆటనీ మాటనీ ముందే కలిపేయకండి

"సార్, నాకు చూపు లేదు. ఆడియో గేమ్స్ ఆడి, వాటి మీద తెలుగులో రివ్యూలు చేయాలని ఉంది. కంప్యూటర్‌లో గేమ్ శబ్దం, మైక్‌లో నా మాట రెండూ కలిసి రికార్డ్ కావాలి. సౌండ్ రికార్డర్‌తో చేస్తే నా గొంతు ఒక్కటే వస్తోంది. ఒకాయన సలహా విని స్పీకర్ పెట్టి ఫోన్‌తో రికార్డ్ చేశాను. బావిలోంచి మాట్లాడినట్టుంది. డబ్బు ఖర్చు కాకుండా దారి చెప్పండి." – కర్నూలు నుంచి ఒక పాఠకుడు

ఇదే ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. అడిగిన ప్రతివారూ "రెండూ కలిసి" అనే రాస్తారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. రెండూ ఒకే సమయంలో రికార్డ్ కావాలి, నిజమే. కానీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోకూడదు. కలిసిపోయాక గేమ్‌లో కత్తుల చప్పుడు మీ మాటను మింగేసిందని తెలిసినా చేసేదేం లేదు. పాలనీ నీళ్లనీ విడదీయడానికి మనమేం హంసలం కాదు కదా.

ఆడియో గేమ్స్ సంగతి తెలియనివారికి ఒక్క ముక్క. వీటిలో బొమ్మ ఉండదు, ఉన్నా దాంతో పని లేదు. శత్రువు అడుగుల చప్పుడు ఎడమ చెవిలో వినిపిస్తే ఎడమకు తిరగాలి, తలుపు కిర్రుమన్న వైపు నడవాలి. జపాన్‌లో 1997లోనే సెగా శాటర్న్ అనే గేమ్ మెషిన్ మీద బొమ్మ లేని గేమ్ ఒకటి వచ్చింది, 'రియల్ సౌండ్: కాజే నో రిగ్రెట్' అని. 2021లో కెనడా నుంచి వచ్చిన 'ద వేల్'లో అయితే కత్తియుద్ధం మొత్తం చెవులతోనే. అంటే ఈ రివ్యూల్లో శబ్దం నేపథ్య సంగీతం లాంటిది కాదు. మామూలు గేమ్ వీడియోలో తెర ఎంతో ఇక్కడ శబ్దం అంత. అది పాడైతే తెర మీద సున్నం కొట్టినట్టే.

ఇక పనిలోకి వద్దాం. విండోస్‌లో స్పీకర్‌కి వెళ్లే శబ్దాన్ని దారిలోనే పట్టుకునే ఏర్పాటు ఉంది, దాన్ని లూప్‌బ్యాక్ అంటారు. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో హోస్ట్‌గా 'విండోస్ వాసాపీ' ఎంచుకుంటే రికార్డింగ్ పరికరాల జాబితాలో లూప్‌బ్యాక్ కనిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌ల్లో 'స్టీరియో మిక్స్' అని ఉండేది, ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని దాచేస్తున్నాయి, కొన్ని అసలు ఇవ్వడమే లేదు. ఏదైనా ఆడాసిటీతో రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, అది ఒక్కసారికి ఒక్క పరికరం నుంచే రికార్డ్ చేస్తుంది. మైక్ పెట్టుకుంటే లూప్‌బ్యాక్ పోతుంది, లూప్‌బ్యాక్ పెట్టుకుంటే మైక్ పోతుంది. రెండోది ఇంకా తికమక. కంప్యూటర్‌లో ఏ శబ్దమూ లేనప్పుడు లూప్‌బ్యాక్ నుంచి ఏమీ రాదు, రికార్డింగ్ అక్కడే నిలబడిపోవచ్చు. భయపెట్టే గేమ్‌లో నిశ్శబ్దమే అసలు సరుకు, ఆ నిశ్శబ్దమే ఫైల్లోంచి మాయమవుతుంది. "నా వాయిస్ ముందుకీ గేమ్ వెనక్కీ జరిగిపోతోంది" అని రాసిన వారిలో కొందరి జబ్బు ఇదే.

అందుకని మీకు ఓబీఎస్ స్టూడియో చెబుతాను. ఉచితం. వీడియో కోసం చేసిందే అయినా ఒకే ఫైల్లో ఆరు ఆడియో ట్రాకులు విడివిడిగా రాయగలదు. మనకు మూడు చాలు. మొదటి ట్రాక్‌లో మీ మైక్. రెండో దాంట్లో గేమ్ ఒక్కటే. దీనికి సోర్సెస్‌లో 'అప్లికేషన్ ఆడియో క్యాప్చర్' అనేది కలిపి, నడుస్తున్న గేమ్‌ని ఎంచుకోవాలి. 2022లో వచ్చిన 28వ వెర్షన్ నుంచి ఇది అందులోనే ఉంది, విండోస్ మాత్రం మరీ పాతది కాకూడదు. మూడో ట్రాక్‌లో డెస్క్‌టాప్ శబ్దమంతా, అంటే గేమ్‌తో పాటు మీ స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) కూడా. ఏది ఏ ట్రాక్‌లోకి వెళ్లాలో 'అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్'లో టిక్ పెట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ మోడ్‌ని అడ్వాన్స్‌డ్ చేసి, రికార్డింగ్ భాగంలోనూ ఆ మూడు ట్రాకులకే టిక్ పెట్టండి. ఈ రెండో చోట మర్చిపోయి, గంటసేపు ఆడాక ఒక్క ట్రాకే వచ్చిందని ఏడ్చినవాళ్లున్నారు.

మూడో ట్రాక్ ఎందుకంటారా? కొన్ని గేమ్స్ తమ మెనూలను స్క్రీన్ రీడర్ చేతనే చదివిస్తాయి. ఆ మాటలు రెండో ట్రాక్‌లో పడవు. వినేవారికి మెనూ ఎలా ఉందో చెప్పాల్సి వస్తే మూడో దాంట్లోంచి ఆ ముక్క తెచ్చుకుంటారు.

ఫైల్ ఎంకేవీ అనే వీడియో ఫార్మాట్‌లోనే ఉంచండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. మామూలు ఎంపీ4 అయితే మొత్తం పోవచ్చు. ఆ ఫైల్‌ని ఆడాసిటీలో తెరిస్తే (ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే లైబ్రరీ విడిగా వేసుకోవాలి) ఏ ట్రాక్ కావాలో అడుగుతుంది. గేమ్ ట్రాక్ పైన, మీ గొంతు దాని కిందే పెట్టి, పై ట్రాక్‌ని సెలెక్ట్ చేసి 'ఆటో డక్' నొక్కండి. మీరు మాట్లాడినప్పుడల్లా గేమ్ శబ్దం తగ్గి, ఆపగానే మళ్లీ లేస్తుంది. రేడియోలో పాట మీద అనౌన్సర్ మాట్లాడినట్టు.

స్టీరియో సంగతి కూడా చూసుకోండి. ఒక చెవిలో స్క్రీన్ రీడర్, మరో చెవిలో లోకం పెట్టుకుని పనిచేసే అలవాటుతో చాలామంది విండోస్‌లో 'మోనో ఆడియో' ఎప్పుడో ఆన్ చేసి మర్చిపోతారు. ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌లో 2024లో 'సౌండ్ స్ప్లిట్' వచ్చింది, స్క్రీన్ రీడర్ ఒక చెవికి, మిగతా అన్నీ ఇంకో చెవికి. ఆఫీసు పనికి అద్భుతం, గేమ్‌కి మాత్రం శత్రువులంతా ఒకే వైపు నుంచి వచ్చినట్టుంటుంది. రెండూ ఆఫ్ చేయండి. ఇంకొకటి, మైక్ ఆన్ కాగానే ఏదైనా కాల్ యాప్ నడుస్తుంటే విండోస్ మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించేస్తుంది, ఎవరూ అడక్కుండానే. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో 'కమ్యూనికేషన్స్' ట్యాబ్‌కి వెళ్లి 'డూ నథింగ్' పెట్టండి.

ఇప్పుడు నన్ను అసలు టెన్షన్ పెట్టే విషయం.

మీరు స్క్రీన్ రీడర్‌ని ఎంత వేగంగా వింటారో నాకు తెలుసు. చూపున్నవాడికి అది రేకుల మీద వాన పడ్డట్టే వినిపిస్తుంది. అందుకే చాలామంది "బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదో గొణుగుతోందిలే, ఎవరికి అర్థమవుతుంది" అని వదిలేస్తారు. మీ రివ్యూ వినేదెవరండీ? అదే వేగంలో రోజూ వినేవాళ్లే కదా!

ఈ ఏర్పాటు సరిగా ఉందో లేదో చూద్దామని నేనే ఎన్‌వీడీఏ వేసుకుని ఇరవై నిమిషాలు రికార్డ్ చేసి, చూపు లేని మిత్రుడొకరికి పంపాను. సాయంత్రం ఫోన్ చేసి ఆయన అడిగిన మొదటి మాట, "శబ్దం బాగానే ఉంది గానీ గురువుగారూ, కరెంటు బిల్లు పద్దెనిమిది వందల నలభై రూపాయలట, కట్టారా?" గేమ్ మధ్యలో ఒక మెసేజ్ వచ్చింది, స్క్రీన్ రీడర్ చదివేసింది, నా చెవి దాన్ని పట్టనే లేదు. ఆ మెసేజ్ బ్యాంకు ఓటీపీ అయి, అప్పుడు నేను లైవ్‌లో ఉండి ఉంటే?

ఫోన్‌ని కంప్యూటర్‌కి జోడించుకున్నవారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఓటీపీ, ఖాతాలో మిగిలిన సొమ్ము, ఎవరో పంపిన వాట్సాప్ మెసేజ్ మొదటి లైను, అన్నీ నోటిఫికేషన్ రూపంలో వచ్చి గట్టిగా చదివించుకుంటాయి. పాస్‌వర్డ్ గడిలో స్క్రీన్ రీడర్ 'స్టార్, స్టార్' అంటుంది కాబట్టి భయం లేదనుకుంటారు. సరిగ్గా టైప్ చేశానో లేదో చూసుకుందామని 'షో పాస్‌వర్డ్' నొక్కారా, అక్షరాలు బయటికి చదివేస్తుంది. గేమ్ సొంతంగా తయారుచేసుకున్న లాగిన్ గడి అయితే 'స్టార్' అంటుందన్న భరోసా కూడా లేదు. పైగా మీ మైక్ కీబోర్డు పక్కనే ఉంటుంది. 2023లో బ్రిటన్ పరిశోధకులు ఒక ల్యాప్‌టాప్ మీటల చప్పుడుతో కంప్యూటర్‌కి శిక్షణ ఇచ్చారు. పక్కన పెట్టిన ఫోన్‌లో రికార్డయిన చప్పుడు నుంచి ఏ మీట నొక్కారో 95 శాతం సరిగ్గా పోల్చుకుంది, జూమ్ కాల్‌లో రికార్డయిన దాంతో 93 శాతం. మీ రివ్యూ మీద రేపే ఎవరో ఇంత కష్టపడతారని కాదు. లాగిన్ అయ్యాకే రికార్డ్ బటన్ నొక్కితే ఏం పోయింది?

విండోస్‌లో రివ్యూల కోసం విడిగా ఒక యూజర్ అకౌంట్ చేసుకోండి. అందులో మెయిల్ వద్దు, వాట్సాప్ వద్దు, ఫోన్ జోడింపు వద్దు. అకౌంట్‌కి మీ పూర్తి పేరు కూడా పెట్టకండి. ఫైల్ సేవ్ చేసేటప్పుడు ఫోల్డర్ దారి మొత్తం మీ పేరుతో సహా చదివేస్తుంది. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టుకుంటే సరిపోదా అంటారేమో. అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఏ సెట్టింగ్ ఎక్కడుంటుందో నాకే తెలియదు, దాని మీద నమ్మకం పెట్టుకోలేను.

ఇంకొకటి, పై ఏర్పాటు చెప్పిన పాపానికి నేనే చెప్పాలి. ఎంకేవీ ఫైల్‌ని ప్లేయర్‌లో పెడితే సాధారణంగా మొదటి ట్రాకే వినిపిస్తుంది. మిగతా రెండూ లోపలే ఉంటాయి. "కాస్త ఎడిట్ చేసి పెట్టు" అని ఆ ఫైల్ ఎవరికైనా పంపితే మూడో ట్రాక్‌లో స్క్రీన్ రీడర్ చదివిందంతా వాళ్ల చేతికి వెళ్లినట్టే. బయటికి పంపేది ఎప్పుడూ ఎడిట్ చేశాక ఎక్స్‌పోర్ట్ చేసిన ఎంపీ3నే అయి ఉండాలి.

ఓబీఎస్‌ని దాని సొంత సైట్ నుంచే దింపుకోండి. సెర్చ్‌లో పైన 'స్పాన్సర్డ్' అని వచ్చేదాన్ని నొక్కకండి. 2023 జనవరిలో ఇలాంటి ప్రకటన ద్వారా నకిలీ ఓబీఎస్ దింపుకుని, తన ఖాతాలూ డిజిటల్ ఆస్తులూ పోగొట్టుకున్న సంగతి ఒకాయన స్వయంగా బయటపెట్టాడు. స్క్రీన్ రీడర్‌తో వెతికేవారికి మొదట చేతికి తగిలేది పై లింకే కదా, అందుకే మరీ మరీ చెబుతున్నాను.

"బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని గేమ్ ఆడుతుంటే బాగుంటుంది. రికార్డింగ్ మొదలుపెట్టగానే పాత ట్రాన్సిస్టర్‌లా అయిపోతుంది. ఇయర్‌బడ్స్ పాడయ్యాయా?" – హనుమకొండ నుంచి మరొకరు

పాడవలేదు. బ్లూటూత్‌కి వినడానికి ఒక పద్ధతి, మాట్లాడటానికి ఇంకో పద్ధతి. మైక్ కూడా దాందే వాడితే అది ఫోన్ కాల్ పద్ధతికి మారిపోతుంది. స్టీరియో పోయి మోనో అవుతుంది, నాణ్యత సెకనుకు 8 వేలకో 16 వేలకో శాంపిళ్లకు పడిపోతుంది. మామూలుగా ఉండాల్సింది 44 వేల పైమాటే. విండోస్‌లో ఇన్‌పుట్‌గా వేరే మైక్ ఎంచుకుంటే ఇది పోతుంది. పోయినా శబ్దం కాస్త ఆలస్యంగా చెవికి చేరుతుంది, బాణం వేసే గేమ్‌లో ఆ కాస్త చాలు చావడానికి.

అసలు ఈ వైర్లు లేని మోజు మీదే నాకు కోపం. ఫోన్‌లో జాక్ తీసేశారు, ఊరుకున్నాం. ల్యాప్‌టాప్‌కి ఒక్కటే జాక్ మిగిల్చారు, ఊరుకున్నాం. ఇప్పుడు ఇయర్‌బడ్స్ సెట్టింగ్స్ కోసం ఓ యాప్, ఆ యాప్‌లో ఒక్క బటన్‌కీ పేరుండదు. స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే "బటన్, బటన్, బటన్" అంటూ పోతుంది. తొమ్మిది బటన్లలో దేన్ని నొక్కితే మైక్ ఆగుతుందో ఊహించుకోవాలి. పేరు పెట్టడానికి ఒక్కో బటన్‌కి ఒక్క లైను రాయాలంతే. గేమ్ శబ్దాన్ని 'థియేటర్‌లా' మార్చే ఎఫెక్టులకు మాత్రం తీరిక దొరుకుతుంది. ఆ ఎఫెక్టులే మళ్లీ కుడి ఎడమలను అలికేస్తాయి, అవి కూడా ఆఫ్ చేసుకోండి. వైరున్న పాత ఇయర్‌ఫోన్స్ డ్రాయర్లో ఉంటే తీయండి.

"గేమ్ దింపగానే యాంటీవైరస్ తీసేస్తోంది. యాంటీవైరస్ ఆపేయమని తోటి గేమర్లు అంటున్నారు." – విజయవాడ నుంచి ఓ విద్యార్థిని

ఆపేయకండమ్మా. ఆడియో గేమ్స్ చాలావరకు ఒంటరి మనుషులు ఇంట్లో కూర్చుని చేసినవి. ముఖ్యంగా బ్లాస్ట్‌బే గేమ్ టూల్‌కిట్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌తో తయారైనవాటిని యాంటీవైరస్‌లు తప్పుగా అనుమానించడం ఎప్పటినుంచో ఉన్నదే. అనుమానం తప్పని అలవాటు పడ్డవాళ్లకే నిజం వైరస్ అంటించడం తేలిక. చేసినవారి సొంత పేజీ నుంచే దింపుకున్నారా? ఆ ఫైల్‌ని చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ అనే సైట్‌లో పెట్టి చూశారా? ఒకటి రెండు యాంటీవైరస్‌లే అభ్యంతరం చెబితే ఆ ఒక్క గేమ్ ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ మొత్తానికి ఇవ్వకండి. సగానికి సగం అభ్యంతరం చెబితే మాత్రం ఆ గేమ్ ఎంత బాగున్నా రివ్యూ వద్దు. మినహాయింపు ఇచ్చిన గేమ్‌ని కూడా పైన చెప్పిన విడి అకౌంట్‌లోనే, అడ్మిన్ హక్కులు లేకుండా నడపండి. "అడ్మిన్‌గా నడపండి" అని అడిగే గేమ్‌ని, ఎందుకు కావాలని చేసినవారికే మెయిల్ పెట్టి అడగండి.